గంటకూ చేతికీ మధ్య

యాకూబ్ చాచా పోయాడని ఆలస్యంగా తెలిసింది. నేను కొత్తగూడెం వెళ్లేసరికి అన్నీ అయిపోయి మూడు రోజులైంది. బజారులో ఆయన రేడియోలూ మైకుసెట్లూ బాగుచేసిన షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. వెనక ఇంట్లో ఆయన కొడుకు నాకు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. "అబ్బా ఎప్పుడూ చెప్తుండె అక్కా, జిందగీల రేడియోలు లెక్కలేనన్ని బాగుచేసిన గానీ విమానం ఒక్కటే చేసిన అని. మీ నాయన కోసమంట గదా?" అన్నాడు. అవునన్నాను. చాచా చేసింది విమానం కాదు, కంప్యూటర్‌లో విమానం నడిపే ఆటకు ఒక పిడి, ఒక ఇనుపకడ్డీ. ఆ మాట సరిదిద్దబుద్ధి కాలేదు. ఖమ్మం తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ ఏడాదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. అందులో నేను చేసిన పని ఒకటి నాన్నకూ అమ్మకూ చాచాకూ తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లలో ఇప్పుడు అమ్మ ఒక్కతే మిగిలింది.

నాన్న బొగ్గుబాయిలో వైండింగ్ ఇంజను నడిపేవాడు. మా బాయి భూమిలోకి నిట్టనిలువుగా దిగిన గొయ్యి. పనివాళ్లను కిందికి దించేదీ పైకి తెచ్చేదీ ఒక ఇనుప బోను, దాన్ని అందరూ కేజీ అనేవారు. దానికి కట్టిన ఉక్కుతాడు బాయి మీది పెద్ద చక్రం మీదుగా వచ్చి, కాస్త దూరంలో ఒక గదిలో ఉన్న డ్రమ్ముకు చుట్టుకునేది. ఆ గదిలో కూర్చుని డ్రమ్మును తిప్పడం నాన్న పని. ఎడమచెయ్యి లివరు మీద, కుడిచెయ్యి బ్రేకు మీద. ఆయనకు కేజీ కనపడదు, అందులో నిలబడ్డ మనుషులూ కనపడరు. కళ్లముందు గడియారంలాంటి పలక మీద ఒక ముల్లు, చెవులకు గంట, అంతే. మూడు గంటలు కొడితే మనుషులెక్కారని, రెండు కొడితే దించమని, కదులుతుండగా ఒక్కటి కొడితే ఉన్నచోటనే ఆపమని. "కేజీ అడుగుకు ఆనినట్టు ఎక్కినోనికి తెల్వొద్దు. తలుపు తీసినంకనే వచ్చినమని తెల్వాలె" అనేవాడు. ఆ అలవాటు ఇంట్లోనూ ఉండేది. ఆయన చెంబు కింద పెడితే చప్పుడయ్యేది కాదు. తలుపు వేస్తే వేసినట్టు తెలిసేది కాదు. నేను కంచం ధన్‌మని పెడితే తిట్టేవాడు కాదు గానీ, మళ్లీ తీసి ఆయనే మెల్లగా పెట్టేవాడు.

మా క్వార్టరు రెండు గదులు, వెనక చిన్న వసారా. సాయంత్రం అయితే కాలనీ మొత్తం ఒకేసారి బొగ్గుల పొయ్యిలు అంటించేది. ఆ పొగ నేలకు ఆనుకుని పాకుతూ వచ్చి ఉతికిన బట్టలకు, జుట్టుకు, అన్నానికి కూడా పట్టేది. ఎండాకాలం మాత్రం మా ఇంట్లో ఇంకో వాసన గెలిచేది. అమ్మది పాల్వంచ దాటి భద్రాచలం వైపు అడవిలో ఊరు. తునికాకు కోతలప్పుడు ఆమె అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు వచ్చి, ఎండబెట్టిన ఇప్పపువ్వు మూట ఒకటి ఇచ్చి పోయేవారు. అటక మీద అది ఉన్నన్నాళ్లూ ఇల్లంతా మత్తుగా, తీయగా ఉండేది. అమ్మ వంటింట్లోంచి గట్టిగా మాట్లాడేది, నాన్న ముందుగదిలోంచి తక్కువగా జవాబిచ్చేవాడు. వాళ్ల కాపురంలో సగం ఆ గోడకు అటూ ఇటూ జరిగింది.

ఒక పొద్దున మొదటి షిఫ్టుకు తయారవుతూ, నాన్న చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. కుడిచెయ్యి గుండీ దగ్గరే ఆగిపోయింది. మూతి కొంచెం పక్కకు పోయింది. ఎదురింటివాళ్ల జీపులో దవాఖానాకు తీసుకుపోయాం. పక్షవాతం అన్నారు. కొన్ని వారాలకు కాలు నిలబడింది, మాట దాదాపుగా తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం సగమే వచ్చింది. కొన్ని నెలలు సెలవిచ్చి, తర్వాత మెడికల్ బోర్డు ముందుకు రమ్మన్నారు. అప్పటికి చెయ్యి ఎలా ఉందో చూసి, ఇంజను మీదికి పంపాలో వద్దో చెప్తామన్నారు. పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చారు. నాన్న దాన్ని రెండు రోజులు పిసికి, మూడోరోజు మంచం కిందికి దొర్లించేశాడు. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ వంటింట్లోంచి ఏమన్నా జవాబు వచ్చేది కాదు. నాకు ఆ నిశ్శబ్దమే జబ్బుకన్నా భయంగా ఉండేది.

నేను అప్పుడు బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాను. జబ్బుకు ముందే నాన్న కొనిచ్చిన అసెంబుల్డ్ కంప్యూటర్ ముందుగదిలో, ఆయన మంచానికి ఎదురుగా ఉండేది. బజారులో ఒక నెట్ సెంటర్ మూసేస్తూ, అక్కడ సాయంగా పనిచేసినందుకు నాకొక జాయ్‌స్టిక్, దాంతో ఆడే విమానం ఆట సీడీ ఇచ్చారు. నల్ల ప్లాస్టిక్ పీఠం మీద నిలబడ్డ పిడి, పీఠం పక్కన ఇంజను వేగానికి గోరంత మీట. ఆదివారం పొద్దున దాన్ని తగిలించి, విమానాన్ని ఎగరేశాను, దించబోయాను, నేలకు కొట్టాను. మళ్లీ ఎగరేసి మళ్లీ కొట్టాను. నాలుగోసారో ఐదోసారో వెనకనుంచి నాన్న గొంతు వినపడింది.

"జల్దీ దించుతున్నవ్."

తిరిగి చూశాను. ఆయన గోడవైపు లేడు. మోచేతి మీద లేచి తెరవైపు చూస్తున్నాడు.

"నేల దగ్గరికి వచ్చేటప్పుడే చెయ్యి నిమ్మళం గావాలె. నువ్వు దూరముండంగ భయపడి, దగ్గరికొచ్చినంక వదిలేస్తున్నవ్" అన్నాడు. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగింది.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పిడి చేతికిచ్చాను. వేళ్లు దాని చుట్టూ పట్టాయి గానీ నిలవలేదు. స్ప్రింగు గట్టిది. ఆయన ఒకవైపు నెడితే అది చేతిని విదిలించి మధ్యకు వచ్చేసేది. పీఠం తేలిక, బల్ల మీద జారిపోయేది. పక్కనున్న చిన్న మీటను చూసి నాన్న మొహం చిట్లించాడు. "గిది లివరా? గోటితో జరుపుతరా ఇంజన్ని? యాకూబ్ భాయ్‌ని పిల్వు" అన్నాడు. జబ్బు పడ్డాక ఆయన ఒక మనిషిని రమ్మని అడగడం అదే మొదలు.

యాకూబ్ చాచా, నాన్న చిన్నప్పటినుంచీ స్నేహితులు. చాచా వచ్చి, జాయ్‌స్టిక్‌ను తిరగేసి, నాలుగు స్క్రూలు విప్పి లోపలికి చూసి నవ్వాడు. "ఏముంది బేటీ ఇందుల? రెండు వాల్యూమ్ కంట్రోళ్లు. రేడియోల సౌండు పెంచేది చూస్తవు గదా, అదే. ఒకటి కుడెడమలకు, ఒకటి ముందెనకలకు." తర్వాతి వారం ఆయన షాపు మూసి రోజూ మా ఇంటికి వచ్చాడు. స్ప్రింగు తీసేసి, పాత టేప్‌రికార్డర్‌లోంచి తీసిన మెత్తటిది వేశాడు. పిడికి సైకిల్ ట్యూబు పట్టీ చుట్టి నాన్న పిడికిట్లో పట్టేంత లావు చేశాడు. మొత్తాన్ని ఒక పీటకు బిగించి, పీటను కుర్చీ చేతికి కట్టాడు, మోచెయ్యి ఆనేలా. వేగం మీట కోసం జానెడు ఇనుపకడ్డీ వంచి, దాని మొదట్లో మైకుసెట్టు వాల్యూమ్ కంట్రోల్ పెట్టి, పాత మీటకున్న మూడు తీగలను దానికి అతికించాడు. సీసం కరిగిన వాసన, అమ్మ తాలింపు వాసన కలిసి ఇల్లంతా నిండాయి.

నాన్న ఆ కడ్డీని ఎడమచేత్తో కదిపి చూసి తల ఊపలేదు. "వదిలితే పడిపోతున్నది భాయ్. చెయ్యి తీస్తే ఆడనే నిల్వాలె." చాచా తోలుముక్కతో ఒక వాషరు కోసి, రెక్కల నట్టు పెట్టి బిగించాడు. ఇప్పుడు మరీ బిగుతు. నట్టు ఒక చుట్టు వదిలాడు, అరచుట్టు బిగించాడు. అట్లా ఒక పూటంతా. చివరికి నాన్న కడ్డీని సగం దాకా తోసి చెయ్యి తీశాడు. అది అక్కడే నిలబడింది. "మరి గిట్ల ముందుకు నూకితే వేగం పెరుగుడేంది? నాకు ఎనకకు గుంజితే పెరగాలె. ఇరవయ్యేండ్ల చెయ్యి ఇప్పుడు ఉల్టా నేర్సుకుంటదా?" అన్నాడు. చాచా రెండు చివర్లనున్న తీగలను అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. అంతే, పని అయిపోయింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. చాలా నెలల తర్వాత మా ఇంట్లో నవ్వు వినపడింది.

మిగిలిన పని నాది. పిడి ఎంత కదిలితే విమానం ఎంత కదలాలో కంప్యూటర్‌కు చెప్పాలి. తెర మీద ఒక చదరం, అందులో చిన్న కూడిక గుర్తు. పిడిని కదలకుండా పట్టుకుంటే ఆ గుర్తు మధ్యలో నిలవాలి. నాన్న పట్టుకున్నప్పుడు అది దీపపు పురుగులా కొట్టుకుంది. ఆయన పెదవి బిగించి ఎంత ప్రయత్నిస్తే అంత కొట్టుకుంది. మొదటివారం ఆయన దించిన ప్రతి విమానమూ కూలింది. వారం చివర్లో పిడి వదిలేసి, మంచం మీదికి పోయి, మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఆ రోజు ఆయన నిద్రపోతుండగా నేను ఆ ఆట సెట్టింగులు తెరిచాను. అక్కడ జరిపే గీతలు మూడున్నాయి. ఒకటి చేతి కదలికకు విమానం ఎంతగా స్పందించాలో చెప్పేది. దాన్ని తగ్గించాను. రెండోది మధ్యలో ఎంత వణుకును లెక్కలోకి తీసుకోకూడదో చెప్పేది. దాన్ని పెంచాను. మూడోది తప్పు జరిగితే కంప్యూటరే ఎంత సర్దుకోవాలో చెప్పేది. దాన్ని చివరిదాకా జరిపాను. సాయంత్రం నాన్నను బతిమాలి కూర్చోబెట్టాను. విమానం తిన్నగా వచ్చి, కొంచెం ఎగిరి, దిగి ఆగింది. ఆయన తెరను చూడలేదు. తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున, సాయంత్రం. దానికి తోడు గంట కూడా కావాలన్నాడు. అమ్మ వంటింట్లో స్టీలు పళ్లెం ఒకటి గోడకు తగిలించుకుంది. చారు మరిగిస్తూనో, బియ్యం ఏరుతూనో, తనకు తోచినప్పుడు గరిటెతో దాన్ని కొట్టేది. ఒక్క గంటకు నాన్న రెండు చేతులూ ఒకేసారి కదలాలి, ఎడమచేత్తో వేగం తెంపాలి, కుడిచేత్తో విమానం ముక్కు ఎత్తాలి. "కొట్టు" అనేవాడు ఆయన. "నువ్వు చెప్పినంక కొడితే అది గంటెట్లైతది? ఊకో" అనేది అమ్మ. బంతి మంచం కిందినుంచి బయటికి వచ్చింది. గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. నేను గీతల సంగతి చెప్పకపోవడాన్ని తప్పు అనుకోలేదు. మందు చేదు తెలియకుండా బెల్లంలో పెట్టి ఇచ్చినట్టే అనుకున్నాను.

బోర్డుకు పది రోజులుందనగా, నాన్నతో బాయిలో పనిచేసే ఆయన ఒకరు చూడటానికి వచ్చాడు. రోజూ కేజీలో దిగే మనిషి. నాన్న ఆయన్ని కూర్చోబెట్టి విమానాన్ని దించి చూపించాడు. "సూసినవా? బోర్డు వాళ్లకు చెయ్యి చూపెడ్త. తిరిగి ఇంజను మీదికి వస్త" అన్నాడు. ఆ మనిషి ముఖం విప్పారింది. "జల్దీ రా అన్నా. నువ్వు దించితే కండ్లు మూసుకుని నిలబడుతుంటిమి. ఇప్పుడు అడుగుకు ఆనెదాక మోకాళ్లు బిగపట్టుకుంటున్నం" అన్నాడు.

నా గ్లాసులో చాయ్ చల్లారిపోయింది. అంతవరకు నాకది నాన్న, నేను, ఒక ఆట. ఇప్పుడు ఆ గదిలోకి కళ్లు మూసుకుని నిలబడే మనుషులు వచ్చారు. మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి చాచా షాపుకు పోయి, అంతా చెప్పాను. ఆయన తీగకు సీసం పెడుతున్నవాడు ఆపి, కళ్లద్దాలు తీశాడు.

"నువ్వు కూడా స్ప్రింగు మెత్తగ చేసినవ్ గదా చాచా" అన్నాను, తప్పును కొంచెం పంచుకుంటాడేమోనని.

"చేసిన బేటీ. మీ నాయన ముంగటనే చేసిన. మెత్తగున్నదని ఆయనకు ఎరుకే. నువ్వు చేసింది ఆయనకు ఎరుకలేదు." కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, "చెప్పెయ్యి. నన్ను రమ్మంటె వస్త, కానీ నువ్వే చెప్పాలె" అన్నాడు.

రావద్దన్నాను. మరుసటి పొద్దున నాన్న కుర్చీలో కూర్చుని, పిడి మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. మాటలు అటూ ఇటూ అయ్యాయి, మళ్లీ మొదటినుంచి చెప్పాను. నాన్న కోప్పడతాడనుకున్నాను. ఆయన, "యాడున్నయ్ ఆ గీతలు?" అని అడిగాడు. తెరిచి చూపించాను. ఎంతసేపో వాటినే చూశాడు.

"తీసెయ్. అన్నీ మొదట ఎట్లున్నయో అట్ల పెట్టు."

పెట్టాను. విమానం పైకి లేచింది, దించబోతే పక్కకు ఒరిగి కూలింది. "మళ్ల" అన్నాడు. మళ్లీ కూలింది. "గంట కొట్టు" అని వంటింటివైపు కేకేశాడు. అమ్మ గుమ్మంలోకి వచ్చి మా ఇద్దరి ముఖాలూ చూసింది. "వద్దులేయ్యా, చాయ్ తాగు" అంది. "కొట్టు." అమ్మ కొట్టింది. ఎడమచెయ్యి ఆ చప్పుడుతోపాటే కదిలింది. కుడిచెయ్యి ఆగి, గుర్తొచ్చినట్టుగా, ఆ తర్వాత కదిలింది. ఎంతోసేపు కాదు, ఒక రెప్పపాటు కంటే కొంచెం ఎక్కువ. ఆయన మళ్లీ కొట్టించాడు. మళ్లీ అంతే తేడా. ఎన్నిసార్లు కొట్టిందో తెలియదు, చివరికి అమ్మే గరిటె కింద పడేసి వెళ్లిపోయింది. నాన్న లేచి, వసారాలోకి పోయి, ఎడమచేత్తో ముఖం కడుక్కున్నాడు.

బోర్డు రోజు దాకా నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, మందు ఇస్తే వేసుకున్నాడు. నేను ఆయనకున్న ఒక్క ఆశనూ ముందు దొంగది చేసి, తర్వాత లాగేసుకున్నాననుకుని, అన్ని రోజులూ పుస్తకం తెరవలేకపోయాను. దవాఖానాకు మాత్రం నేనే తోడు వెళ్లాను. డాక్టరు ఆయన చేత గుండీలు పెట్టించాడు, తన చెయ్యి పట్టి పిసకమన్నాడు, కలంతో సంతకం చేయించాడు. సాధన మొత్తం వృథా కాలేదు. చేతికి నిజంగానే బలం వచ్చింది. "బాగా కోలుకున్నావు రాజయ్యా. నీకేమనిపిస్తుంది, ఇంజను నడపగలవా?" అని అడిగాడు.

నేను నేలవైపు చూస్తున్నాను. "లేద్సార్" అన్నాడు నాన్న. "చెయ్యికి బలమొచ్చింది. చెవు మందగించింది."

"చెవులు పరీక్షించారుగా, బానే ఉన్నాయని రాసుంది."

"నా చెవులు కాద్సార్. చెయ్యి చెవు. గంట కొట్టినంక అది కొంచెం ఆగి ఇంటున్నది. గంటకూ చెయ్యికీ నడుమ అంత సందుంటె, ఆ సందుల మనిషి పోతడు."

డాక్టరు ఆ మాటే రాసుకున్నాడు. బాయి మీద ల్యాంప్‌రూములో పని ఇచ్చారు. దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, వచ్చేవాళ్ల దగ్గర తీసుకుని తుడిచి పెట్టడం. ఆ రోజు తిరిగివస్తూ బస్టాండులో చాయ్ తాగుతూ నాన్న మొదటిసారి నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పకపోతే నేను పోయి కూసుందును బిడ్డా, ఇంజను మీద" అన్నాడు. అది తిట్టో, మెచ్చుకోలో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. రెండూ అని ఇప్పుడనుకుంటున్నాను.

ఇప్పుడు నేను ఖమ్మంలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్తాను. ఆ బాయి మూసేశారు, పెద్ద చక్రం దించేశారు. కాలనీలో బొగ్గుల పొయ్యిలు లేవు. చేతిలో పట్టుకునే ప్రతి యంత్రమూ ఇవాళ మన తప్పును మనకు తెలియకుండానే సర్దేస్తుంది. తప్పు రాసినా ఒప్పు చేస్తుంది, వణికిన చేత్తో తీసిన ఫోటోను నిలబెడుతుంది. నేనూ వాటిని సంతోషంగానే వాడుకుంటాను. పేపర్లు దిద్దేటప్పుడు మాత్రం, బక్కపల్చటి పిల్ల ఎవరైనా పాసుకు రెండు మార్కుల దూరంలో ఆగిపోతే, కలం కాసేపు అక్కడే తచ్చాడుతుంది. ఒకోసారి వేస్తాను. వేస్తే ఆ పిల్లను పిలిచి, ఇవి నేను వేసినవి, నువ్వు తెచ్చుకున్నవి కావు అని చెప్తాను.

నాన్న ల్యాంప్‌రూముకు పోవడం మొదలుపెట్టిన నెలకు, ఒక సెలవురోజు కంప్యూటర్ మీది గుడ్డ తీసి, తనే కుర్చీ జరుపుకున్నాడు. "ఆ గీతలు నువ్వు పెట్టినట్టే పెట్టు" అన్నాడు. నేను కదలలేదు. "పెట్టు బిడ్డా, నాకు ఎరుకే గదా ఇప్పుడు." మూడు గీతలూ జరిపాను. ఆయన విమానాన్ని లేపి, తెర మీద నీలం పట్టీలా కనపడే గోదావరి పట్టుకుని భద్రాచలం వైపు తిప్పాడు. ఆ రోజుల్లో ఆ ఆటలో మా అడవి అంటే పరిచిన ఆకుపచ్చ చాప. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. తన ఊరుండాల్సిన చోటు కోసం వంగి వెతికింది. ఇల్లు లేదు, పశువు లేదు, పొగ లేదు.

"గిదేంది, ఇందుల మనుషులే లేరా?" అంది.

"లేరు" అన్నాడు నాన్న, కడ్డీని మెల్లగా ముందుకు నూకి వేగం తగ్గిస్తూ. "లేరు గనకనే నడుపుతున్న."